పన్నెండు వారాల తర్వాత మళ్లీ రండి

"ఎప్పుడైనా గర్భం పోయిందా, అమ్మా?"

2021 మే 24న హైదరాబాదులో రక్తవ్యాధుల డాక్టరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. కొవిడ్ వచ్చి, పది రోజులు ఆక్సిజన్ మీద గడిపి, ఎడమ కాలిలో రక్తం గడ్డకట్టి, మందపాటి ఫైలు ఒళ్లో పెట్టుకుని నల్లగొండ నుంచి ఆమె దగ్గరికి వెళ్లాను. ఊపిరి ఎలా ఆడుతోంది, కాలు ఎంత నొప్పిగా ఉంది అని అడుగుతారనుకున్నాను. ఇరవై ఏళ్లుగా ఎవరూ ఎత్తని మాట ఆమె ఎత్తారు. పక్క కుర్చీలో మా ఆయన ఉన్నారు. ఆయన వైపు చూడకుండా, "ఒకసారి. 2001లో, నాలుగో నెలలో" అన్నాను. ఆమె కాగితం మీద రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. నేను మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ఆ తర్వాత పన్నెండు వారాలు అక్కడే ఉన్నాను.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. పదో తరగతిలో ప్రసరణ పాఠంలో రక్తం గడ్డకట్టడం వస్తుంది. గాయమైన చోట రక్తఫలకికలు త్రాంబోకైనేజ్‌ను విడుదల చేస్తాయి, అది ప్రోత్రాంబిన్‌ను త్రాంబిన్‌గా మారుస్తుంది, త్రాంబిన్ ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది, ఆ పోగుల్లో రక్తకణాలు చిక్కుకుంటాయి. ఈ నాలుగు మాటలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. రోగనిరోధక శక్తి వేరే పాఠం. ఆ రెంటికీ మధ్య దారి ఉందని పిల్లలకు నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. నాకే తెలియదు.

ఏప్రిల్ 29న జ్వరం మొదలైంది. ఎక్కడ అంటిందో చెప్పలేను. ఆ రోజుల్లో మా వీధిలో జ్వరం లేని ఇల్లు లేదు. వారం రోజులు ఇంట్లోనే మందులు వాడాను. ఎనిమిదో రోజు ఉదయం మా అమ్మాయి వేలికి ఆక్సీమీటరు పెట్టి చూస్తే 88 చూపించింది. మా ఆయన ఎన్ని చోట్ల తిరిగారో, ఎవరెవరికి ఫోను చేశారో నాకు సరిగా గుర్తులేదు. నల్లగొండలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మధ్యాహ్నానికి మంచం దొరికింది. ముక్కుకు ఆక్సిజన్, రోజుకు ఆరు మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, రక్తం గడ్డకట్టకుండా పొట్ట చర్మం కింద రోజుకు ఒక హెపారిన్ జాతి ఇంజెక్షన్. బోర్లా పడుకోమనేవారు. బోర్లా పడుకుంటే ఊపిరితిత్తుల వెనుక భాగానికి గాలి బాగా అందుతుందని, గంటలు లెక్కపెట్టుకుంటూ అలాగే పడుకునేదాన్ని.

ఆ గది గురించి ఎక్కువ రాయను. రాయాలని లేదు.

మే 12న, రాష్ట్రంలో లాక్‌డౌన్ మొదలైన రోజున, ఎడమ పిక్క పట్టేసినట్టు అనిపించింది. రోజుల తరబడి పడుకోవడం వల్ల అనుకుని ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం దుప్పటి సర్దడానికి వచ్చిన నర్సు కాళ్ల వైపు చూసి ఆగింది. టేపు తెచ్చి రెండు పిక్కలనూ మోకాలి కింద ఒకే దూరంలో కొలిచింది. కుడిది 33 సెంటీమీటర్లు, ఎడమది 37. ఆమె మరో మాట మాట్లాడకుండా వెళ్లి డాక్టరును పిలుచుకొచ్చింది. ఒళ్లంతా ఆ కవచంలో ఉండి, కళ్లద్దాల మీద ఆవిరి పట్టి, నలభై మంది రోగుల మధ్య తిరుగుతున్న ఆ అమ్మాయి నా రెండు కాళ్లకూ ఉన్న తేడాను గమనించింది. ఆమె ముఖం నేను ఒక్కసారి కూడా చూడలేదు. గొంతు మాత్రం ఇప్పటికీ గుర్తుపడతాను.

డాప్లర్ స్కానులో మోకాలి వెనుక సిరలో గడ్డ కనిపించింది. డి-డైమర్ 3,800 ఉంది. 500 లోపు ఉండాలి. గడ్డలోని ఫైబ్రిన్ పోగులను శరీరం కరిగించినప్పుడు రక్తంలోకి వచ్చే తునకలవి. అవి అంత ఎక్కువగా ఉన్నాయంటే ఎక్కడో గడ్డలు కడుతున్నాయి, కరుగుతున్నాయి అని అర్థం. ఇంజెక్షన్ రోజుకు రెండుసార్లు చేశారు, మోతాదు నా బరువును బట్టి పెంచారు. కాలిలో గడ్డ విడివడి ఊపిరితిత్తుల రక్తనాళంలో పడితే ప్రాణం మీదికి వస్తుందని, అప్పటికే దెబ్బతిన్న ఊపిరితిత్తులు అది తట్టుకోలేవని నాకు తెలుసు. ఆ రాత్రి కాలు కదపడానికి కూడా భయపడ్డాను.

కొవిడ్‌లో రక్తం గడ్డకట్టడం అప్పటికి కొత్త విషయం కాదు. గడ్డ కట్టకుండా ముందునుంచీ ఇంజెక్షన్ ఇస్తున్నది అందుకే. ఇస్తున్నా కట్టింది కాబట్టి, నన్ను చూస్తున్న పెద్ద డాక్టరు నా కాగితాలన్నీ మొదటి నుంచి తిరగేశారు. నేను చేరిన రోజు, ఇంకా ఏ ఇంజెక్షనూ పడకముందు తీసిన రక్తంలో ఏపీటీటీ అనే పరీక్ష ఉంది. రక్తం గొట్టంలో గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో అది చెబుతుంది. మామూలుగా 25 నుంచి 35 సెకన్లు. నాది 52.

ఆయన మంచం పక్కన నిలబడి అన్న మాటలు ఇవి: "టీచరమ్మా, గొట్టంలో మీ రక్తం ఆలస్యంగా గడ్డకడుతోంది. కాలిలో తొందరపడి గడ్డకట్టింది. రెండూ మీ రక్తమే. ఇది ఎందుకో చూడాలి."

ఆక్సిజన్ మాస్కు కింద నేను ఆ మాటలను పదే పదే తిప్పుకున్నాను. నేను చెప్పే పాఠం ప్రకారం ఆ రెండూ ఒకే మనిషిలో ఉండకూడదు. గడ్డకట్టడం ఆలస్యమయ్యే మనిషికి రక్తస్రావం కావాలి కానీ గడ్డ కాదు.

మే 14న కార్డియోలిపిన్ అనే కొవ్వు మీద పుట్టే యాంటీబాడీల కోసం రక్తం తీసి హైదరాబాదు పంపారు. దాంతోపాటు గడ్డకట్టే పరీక్ష కోసం నీలి మూత గొట్టంలో మరొక నమూనా. ఆ గొట్టంలో ముందుగానే సిట్రేటు ద్రావణం ఉంటుంది. తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేటు. గీత దాకా నిండకపోతే నిష్పత్తి చెడిపోయి ఫలితం తప్పుతుంది. తీసిన వెంటనే యంత్రంలో రెండుసార్లు తిప్పి, ఫలకికలు లేని ప్లాస్మాను వేరు చేసి, మంచులా ఘనీభవింపజేసి పంపాలి. నా గొట్టం సగమే నిండింది, మామూలుగానే వెళ్లింది. అక్కడివాళ్లు తీసుకోలేదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఈ పరీక్ష చేయించుకోవలసి వచ్చేవారు ఎవరైనా ఉంటే, నమూనాను ఎక్కడ తీస్తారు, ఎన్ని గంటల్లో వేరు చేస్తారు అని అడగండి. వీలుంటే పరీక్ష చేసే చోటికే వెళ్లి రక్తం ఇవ్వండి. అడిగితే విసుక్కుంటారని నేను మొహమాటపడి ఊరుకున్నాను, పది రోజులు పోయాయి.

కార్డియోలిపిన్ ఫలితం మాత్రం వచ్చింది. ఐజీజీ రకం 58 యూనిట్లు. 40 దాటితే లెక్కలోకి తీసుకోవలసినదే. నేను మే 18న ఇంటికి వచ్చాను. ఆ కాగితం పట్టుకునే హైదరాబాదు వెళ్లాం.

అప్పుడు లాక్‌డౌన్ సడలింపు ఉదయం ఆరు నుంచి పది వరకే. చీకటితోనే బయలుదేరాం. నార్కెట్‌పల్లి దాటాక జాతీయ రహదారి అంత ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. వెనుక సీటులో కాలు చాపుకుని కూర్చున్నాను. చిట్యాల దగ్గర ఆపి అడిగితే ఆసుపత్రి కాగితం చూపించాం, వదిలేశారు.

ఆ డాక్టరు నా కంటే చిన్నావిడ. జీవశాస్త్రం టీచరునని చెప్పగానే కాగితం తీసి బొమ్మ వేయడం మొదలుపెట్టారు. ఆమె చెప్పింది నా మాటల్లో రాస్తాను.

మన ప్రతి కణం చుట్టూ ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పొర ఉంటుంది. కార్డియోలిపిన్ అలాంటి ఒక కొవ్వు. పశువుల గుండె నుంచి మొదట వేరుచేశారు కాబట్టి ఆ పేరు. కొందరి శరీరం ఈ కొవ్వుల మీద, వాటిని అంటుకుని ఉండే ప్రోటీన్ల మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. శత్రువు కోసం చేయవలసిన ఆయుధం సొంత ఇంటి మీదికి తిరుగుతుంది. ఆ యాంటీబాడీలు రక్తనాళాల లోపలి పొరను, ఫలకికలను, తెల్లరక్తకణాలను రెచ్చగొడతాయి. ఫలితం గడ్డలు. కానీ ప్రయోగశాల గొట్టంలో రక్తం గడ్డకట్టడానికి బయటి నుంచి ఫాస్ఫోలిపిడ్ కలుపుతారు. ఈ యాంటీబాడీలు వెళ్లి దాన్ని పట్టేసుకుంటాయి. గడ్డకట్టే పనికి అది మిగలదు. అందుకే గొట్టంలో ఆలస్యం, ఒంట్లో తొందర. నా 52 సెకన్లకు కారణం ఇదే కావచ్చునని ఆమె అన్నారు.

ఈ యాంటీబాడీలు శాశ్వతంగా ఉండిపోయి, గడ్డలకో గర్భస్రావాలకో కారణమైతే దాన్ని యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అంటారు. 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ అనే డాక్టరు దీన్ని వర్ణించారు. మాయలోని సన్నని రక్తనాళాల్లోనూ ఈ యాంటీబాడీలు పనిచేస్తాయి, పదో వారం దాటాక బాగా ఎదుగుతున్న పిండం హఠాత్తుగా చనిపోవచ్చు. అందుకే ఆమె మొదట ఆ ప్రశ్న అడిగారు.

ఇక కొవిడ్ సంగతి. అంతకు ముందటి నవంబరులో అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆసుపత్రిలో చేరిన 172 మంది కొవిడ్ రోగుల రక్తం పరీక్షించి ప్రచురించారని ఆమె చెప్పారు. సగానికి పైగా, 52 శాతం మందిలో ఏదో ఒక రకం యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీ ఉంది. 40 యూనిట్ల కఠినమైన గీత పెడితే 30 శాతం. ఆ రోగుల నుంచి వేరుచేసిన యాంటీబాడీలను ఎలుకలకు ఎక్కిస్తే వాటి సిరల్లో గడ్డలు త్వరగా పెరిగాయి. మధ్యలో పని చేసింది న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణం. అది క్రిములను మింగుతుందని నేను పిల్లలకు చెబుతాను. కానీ అది చివరి అస్త్రంగా తన కేంద్రకంలోని డీఎన్‌ఏనే వలలా బయటికి విసురుతుందట. 2004లో బెర్లిన్‌లో కనిపెట్టారు. క్రిములను పట్టడానికి విసిరిన ఆ వల రక్తనాళంలో పడితే ఫలకికలూ ఎర్రకణాలూ దానికే చిక్కుకుంటాయి, గడ్డకు అదే పందిరి అవుతుంది. యాంటీబాడీలు న్యూట్రోఫిళ్లను రెచ్చగొట్టి వలలు విసిరిస్తున్నాయి, వలల చుట్టూ గడ్డ కడుతోంది, ఆ వాపులో మళ్లీ న్యూట్రోఫిళ్లు రెచ్చిపోతున్నాయి. ఒకదానికొకటి ఆజ్యం పోసుకుంటున్నాయి.

నా రెండు పాఠాల మధ్య దారి ఆ కాగితం మీద బాల్‌పెన్ను గీతలుగా కనిపించింది. కాలు నొప్పి పెడుతున్నా, ఊపిరి అందకున్నా, ఆ పావుగంట నాకు సంతోషం కలిగింది. ఆ కాగితం అడిగి తెచ్చుకున్నాను.

2020లో బయటపడిన స్వయంయాంటీబాడీల, అంటే సొంత ఒంటి మీదికే తిరిగే యాంటీబాడీల, సంగతి ఇదొక్కటే కాదు. వైరస్‌ను ఆపడానికి మన కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్‌ను కట్టేసే యాంటీబాడీలను ప్రాణాంతక కొవిడ్ వచ్చిన 987 మందిలో 101 మంది దగ్గర గుర్తించారు. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్లే. ఇది నాకు సంబంధించినది కాదు. కానీ మా వార్డులో నా ఎదుటి మంచం మీద ఏ పాత జబ్బూ లేని పెద్దాయన ఉండేవారు. చేరిన మూడో రోజే పోయారు. ఆయన రక్తంలో ఏముందో ఎవరూ చూడలేదు, చూసే వ్యవధి కూడా లేదు. ఆ సంఖ్య విన్నప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు.

ఆ రోజే గడ్డకట్టే పరీక్ష కోసం రక్తం ఇచ్చాను. ముందురోజు రాత్రి ఇంజెక్షన్ పడి పన్నెండు గంటలు అయ్యేలా చూసుకుని, ఉదయం మోతాదు వేయకముందే తీశారు. ఈ పరీక్షలో పాము విషం వాడతారు. రక్తపింజర విషం. ఆ విషం రక్తాన్ని గడ్డకట్టించే పదో కారకాన్ని నేరుగా మేల్కొలుపుతుంది. దాన్ని బాగా పలచన చేసి ప్లాస్మాలో కలిపి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తారు. మా పొలాల్లో వేరుశనగ పీకేటప్పుడు, గడ్డి మోపులు ఎత్తేటప్పుడు అందరూ భయపడే పాము అది. ఇంగ్లిషులో దాన్ని పిలిచే పేరు ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లండు వైద్యుడిది. ఆయన పద్దెనిమిదో శతాబ్దం చివర విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించి, 1796లో వాటి మీద పుస్తకం వేశాడు. ఆ పాముకు ఆయన రాసుకున్న పేరు తెలుగు పేరే: కాటుక రేకుల పొడ. మా అత్తమ్మకు ఈ సంగతి చెబితే, ఆ పాము విషంతో మనిషికి మేలు చేస్తారా అని చాలాసేపు ఆశ్చర్యపోయింది.

ఫలితం నాలుగు రోజులకు వచ్చింది. "బలహీనంగా పాజిటివ్." నేను ఫోను చేసి, "అయితే నాకు ఆ సిండ్రోమ్ ఉన్నట్టేనా డాక్టరుగారూ?" అని అడిగాను.

"ఇప్పుడే అనకూడదు. జ్వరాలు, వైరస్‌లు వచ్చినప్పుడు ఈ యాంటీబాడీలు తాత్కాలికంగా పుట్టి పోతుంటాయి. ఒళ్లంతా వాపుతో ఉన్నప్పుడు పరీక్ష కూడా తప్పు చూపించవచ్చు. కనీసం పన్నెండు వారాల తర్వాత మళ్లీ పాజిటివ్ వస్తేనే ఆ పేరు పెడతాం. మళ్లీ రండి."

పన్నెండు వారాలు ఎందుకంటే, అంతకు ముందు ఆరు వారాలే గడువుగా ఉండేదట. తాత్కాలికంగా వచ్చి పోయేవాటిని జబ్బుగా లెక్కపెట్టకూడదని 2006లో ప్రచురించిన నిబంధనల్లో పన్నెండు వారాలకు పెంచారు. నాకు ఇది చాలా ముఖ్యమైన విషయంగా తోచింది. ఆ తర్వాత మా బంధువుల్లో ఒకామెకు జ్వరంలో చేసిన ఒక్క పరీక్ష చూసి జీవితాంతం మందు వాడాలని ఎవరో చెప్పారు. రెండోసారి చేయించమని నేనే వెంటపడ్డాను. ఒకసారి పాజిటివ్ వచ్చిందని భయపడి జీవితాన్ని మార్చుకోవడం తప్పు. తగ్గిపోయింది కదా అని రెండో పరీక్షకు వెళ్లకపోవడం అంతకంటే తప్పు, ఎందుకంటే జబ్బు నిజంగా ఉంటే మందు ఆపిన రోజు నుంచి ప్రమాదం మొదలవుతుంది.

ఆ వ్యవధిలో నాకు రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ బిళ్లలు ఇచ్చారు. ఈ సిండ్రోమ్ అనుమానం ఉన్నప్పుడు కొత్తగా వచ్చిన బిళ్లల కంటే పాత వార్ఫరినే నమ్మకమని అన్నారు. వార్ఫరిన్‌తో బతకడం ఒక క్రమశిక్షణ. రోజూ సాయంత్రం ఏడింటికి బిళ్ల. రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐఎన్ఆర్ అనే పరీక్ష విలువ 2కూ 3కూ మధ్య ఉండాలి. మొదట్లో వారానికి రెండుసార్లు, తర్వాత వారానికొకసారి క్లాక్ టవర్ దగ్గర ల్యాబుకు వెళ్లేదాన్ని. ఒక నోటుపుస్తకంలో తేదీ, మోతాదు, విలువ రాసుకున్నాను. 1.4, 1.9, 2.3, 2.6. ఆ తర్వాత ఒకసారి 4.4. పంటి నొప్పికి ఒక డాక్టరు రాసిన మందుల్లో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఉంది. అది వార్ఫరిన్ పనిని బాగా పెంచుతుందని నాకు తెలియదు. నేను వార్ఫరిన్ వాడుతున్నానని ఆయనకు చెప్పలేదు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. రెండు రోజులు బిళ్ల ఆపితే సర్దుకుంది. అప్పటి నుంచి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా కూర్చోకముందే ఆ పేరు చెప్పడం అలవాటు చేసుకున్నాను.

ఆకుకూరలు మానేయమని అందరూ చెప్పారు. విటమిన్ కె ఉంటుంది కాబట్టి మందును పనిచేయనివ్వదని. డాక్టరు అలా చెప్పలేదు. "ఎంత తింటారో అంతే తినండి, ఒక వారం గంపెడు, ఒక వారం సున్నా కాకుండా" అన్నారు. తొలకరి తర్వాత తోటకూర, గోంగూర, పొన్నగంటి కూర ఇంటింటికీ వచ్చే కాలం. రోజు విడిచి రోజు ఒక గిన్నె అని లెక్క పెట్టుకుని తిన్నాను. విలువ కదలలేదు.

పొద్దున్నే పానగల్ వైపు తీసుకెళ్లేవారు మా ఆయన. ఉదయసముద్రం కట్ట మీద మొదట వంద అడుగులు, తర్వాత రెండు వందలు. కాలికి బిగుతు సాక్సు. నీళ్ల మీది గాలి పీల్చుకుంటుంటే ఊపిరి కొద్దికొద్దిగా లోతుకు వెళ్లేది. మేమిద్దరం ఎక్కువగా మాట్లాడుకోలేదు. నేను మనసులో 2001ని తవ్వుకుంటున్నాను.

అప్పుడు నాకు ఉద్యోగం కొత్త. రోజూ నల్లగొండ నుంచి మునుగోడు వైపు బస్సులో బడికి వెళ్లేదాన్ని. నాలుగో నెలలో ఒక రాత్రి అంతా అయిపోయింది. ఆసుపత్రిలో కారణం చెప్పలేదు. ఇంట్లో చెప్పారు: బస్సు కుదుపులు. ఉద్యోగం. ఆ మాట అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు, వాళ్లకు తోచిన కారణం అది. నేనూ నమ్మాను. 2004లో మా అమ్మాయి కడుపున ఉన్నప్పుడు జీతం లేని సెలవు పెట్టి ఏడు నెలలు గడప దాటలేదు.

ఇప్పుడు ఒక డాక్టరు మరో కారణం ఉండవచ్చని సూచించారు. నా రక్తంలో మొదటి నుంచీ ఈ యాంటీబాడీలు ఉండి ఉంటే, ఆ బిడ్డ పోయింది బస్సు వల్ల కాదు. నా వల్లా కాదు. నిజం చెప్పాలంటే ఆ వారాల్లో రెండో పరీక్ష కూడా పాజిటివ్ రావాలని కోరుకున్నాను. జీవితాంతం వార్ఫరిన్ మింగాలన్నా సరే అనుకున్నాను.

ఇనుప పెట్టెలో అడుగున పాత కాగితాలు ఉన్నాయి. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు తీశాను. గర్భిణులకు మామూలుగా చేసే పరీక్షల చీటీ. హిమోగ్లోబిన్ 9.2. రక్తం గ్రూపు. వీడీఆర్ఎల్: నాన్ రియాక్టివ్. సుఖవ్యాధికి చేసే ఆ పరీక్షలో వాడేది కార్డియోలిపినే. అందువల్ల ఈ యాంటీబాడీలు ఉన్న కొందరికి ఆ జబ్బు లేకపోయినా పాజిటివ్ వస్తుందని డాక్టరు చెప్పి ఉన్నారు. పాత చీటీ ఉంటే తెమ్మన్నది అందుకే. ఎంతమంది ఆడవాళ్లు ఆ ఒక్క చీటీ వల్ల చేయని తప్పుకు మాటలు పడ్డారో అనిపించింది. నాకు నెగటివ్ వచ్చింది. దాన్నిబట్టి ఏదీ తేలదు. చీటీ మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

ఆగస్టు 16కు పన్నెండు వారాలు నిండాయి. వార్ఫరిన్ మీద ఉండగా పాము విషం పరీక్ష నమ్మదగినది కాదు. అందువల్ల కొన్ని రోజుల ముందే బిళ్ల ఆపి మళ్లీ పొట్టలో ఇంజెక్షన్లకు మార్చారు. మా అమ్మాయే వేసేది. మే నెలలో వణికిన చెయ్యి ఇప్పుడు వణకలేదు. చివరి ఇంజెక్షన్ తర్వాత పన్నెండు గంటలు ఆగి, పరీక్ష చేసే చోటే, నీలి మూత గొట్టం గీత దాకా నిండిందో లేదో చూసుకుని రక్తం ఇచ్చాను.

ఫలితం తీసుకోవడానికి 21న వెళ్లాం. కార్డియోలిపిన్ ఐజీజీ 9. ఆ కొవ్వులను అంటుకుని ఉండే ప్రోటీన్ మీద కూడా యాంటీబాడీలు లేవు. పాము విషం పరీక్ష మామూలు. ఏపీటీటీ 31 సెకన్లు. స్కానులో గడ్డ చాలావరకు కరిగింది, సిరలో రక్తం పారుతోంది.

"వైరస్‌తో వచ్చాయి, వైరస్‌తో పోయాయి. సిండ్రోమ్ లేదు. మూడు నెలలు మందు సరిపోయింది, ఆపేద్దాం" అన్నారు డాక్టరు. ముఖంలో నిజమైన ఆనందం. ఇకముందు ఏదైనా ఆపరేషన్ జరిగితే, చాలా రోజులు మంచం పడితే, ఈ గడ్డ సంగతి ముందే చెప్పాలని, ఈ కాగితాలు దాచుకోవాలని చెప్పారు.

నేను పాత చీటీ తీసి ముందు పెట్టాను. "మరి అప్పటిది?"

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. చీటీని చదివి, రెండు వైపులా చూసి, "ఇప్పటి పరీక్షలను బట్టి చూస్తే ఈ జబ్బు వల్ల కాకపోవచ్చు. తర్వాత ఏ మందూ లేకుండా మీకు పాప నిండు నెలలకు పుట్టింది, అదీ ఈ జబ్బు లేదనే చెబుతోంది. నాలుగో నెలలో పోవడానికి చాలా కారణాలుంటాయి. చాలాసార్లు తెలియవు" అన్నారు. కొంచెం ఆగి, "బస్సు ప్రయాణం వల్ల పోదు" అన్నారు.

బస్సు గురించి నేను ఆమెతో ఏమీ అనలేదు. అందరు ఆడవాళ్లూ అదే అడుగుతారేమో.

తిరిగి వస్తుంటే నార్కెట్‌పల్లి దగ్గర టీ కోసం ఆగాం. మా ఆయన అత్తమ్మకు ఫోను చేసి, అంతా బాగుందని, మందు కూడా ఆపేశారని చెప్పారు. ఫోను పెట్టేసి నా వైపు చూశారు. "మంచి మాటే కదా, ఎందుకు ఏడుస్తున్నావు?" అన్నారు. చెప్పాను. పాజిటివ్ రావాలని కోరుకున్నానని, ఎందుకు కోరుకున్నానో కూడా.

ఆయన టీ గ్లాసు పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయారు. లారీలు వెళ్తున్నాయి. కొంతసేపటికి, "దసరా వెళ్లిన మంగళవారం" అన్నారు. "ఉంటే ఈ మార్చికి పంతొమ్మిది నిండేవి."

ఇరవై ఏళ్లలో ఆయన ఆ లెక్క వేసుకుంటున్నారని నాకు తెలియదు. నా టీ చల్లారిపోయింది. ఆయన వెళ్లి ఇంకొకటి తెచ్చారు.